థాయ్ కూరకు ఏ వైన్? సీసా మీద ముందు అంకె చూడండి

కొత్తగా విదేశాల్లో కాపురం పెట్టినవాళ్లు వైన్ గురించి అడిగే ప్రశ్నలు చాలావరకు ఒక్కచోటికే వస్తాయి. "మంచి పేరున్న రెడ్ వైన్ కొన్నాం. ఆఫీసు నుంచి వచ్చి చకచకా వండుకున్న థాయ్ కూరతో తాగితే నోరు భగ్గుమంది, పైగా చేదు. వైన్ బాగా లేదా, మాకే తాగడం రాదా?" వైన్ బాగానే ఉంది, మీకూ ఏ లోపమూ లేదు. ఆ రెండింటికీ పొత్తు కుదరదు, అంతే.

మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని రెచ్చగొడుతుంది. ఆల్కహాలు పనిచేసేదీ ఆ గ్రాహకం మీదే, దాన్ని ఇంకా సున్నితం చేస్తుంది. అందుకే 14.5 శాతం ఆల్కహాలున్న షిరాజ్ అనే రెడ్ వైన్‌తో కారం తింటే మంటకు మంట తోడవుతుంది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి రెడ్ వైన్‌లోకి దిగే వగరు కూడా కారం తగిలిన నాలుక మీద మరీ గరుకుగా తోస్తుంది. నమ్మకం కుదరకపోతే ఉత్త అన్నంలో నాలుగు చుక్కల మిరప నూనె కలుపుకుని, ఒక ముద్ద తిని ఆ రెడ్ ఒక గుక్క తాగండి. మళ్లీ ఒక ముద్ద తిని, కాస్త తీపి ఉన్న చల్లటి వైట్ వైన్ ఒక గుక్క తాగండి. ఆ తరువాత నా మాటతో పని ఉండదు.

మాంసానికి రెడ్, చేపకు వైట్ అని అందరూ చెప్పే సూత్రం ఇలాంటి వంటల దగ్గర పెద్దగా అక్కరకు రాదు. పళ్లెం మధ్యలో పెద్ద మాంసం ముక్క, పక్కన కాస్త గ్రేవీ ఉండే భోజనానికి పుట్టిన సూత్రం అది. మనం రాత్రిపూట వండుకునే నూడుల్స్‌లోనో ఫ్రైడ్ రైస్‌లోనో చికెన్ వేసినా, రొయ్యలు వేసినా, టోఫు వేసినా రుచిని నడిపించేది సాసే. కాబట్టి దుకాణానికి వెళ్లేముందు కడాయిలో ఏం వేస్తున్నానని కాదు, ఏ సాస్ పోస్తున్నానని ఆలోచించండి.

కొబ్బరిపాల థాయ్ కూరలకు, కిమ్చి వేసిన కొరియా వంటలకు, సిచువాన్ మిరపతో చేసే మాపో టోఫుకు నేను మొదట చెప్పేది రీస్లింగ్ అనే ద్రాక్షతో చేసే వైట్ వైన్. అయితే ఆ పేరు చూసి సీసా బుట్టలో వేసుకుంటే సరిపోదు. ఒకే ద్రాక్షతో పూర్తిగా తీపి లేని వైనూ చేస్తారు, తేనెలాంటి వైనూ చేస్తారు. ఏది ఏదో పట్టుకోవడానికి సులువైన దారి ఆల్కహాలు శాతం. పులియబెట్టేటప్పుడు ద్రాక్షలోని చక్కెరే ఆల్కహాలుగా మారుతుంది. మధ్యలో ఆపేస్తే చక్కెర మిగులుతుంది, ఆల్కహాలు తక్కువగా ఉంటుంది. జర్మనీలోని మోసెల్ లోయ నుంచి వచ్చే సీసా మీద కాబినెట్ అని రాసి 8 లేదా 9 శాతం ఉంటే, అందులో తీపి ఉన్నట్టే. 12.5, 13 శాతం ఉంటే, లేదా ట్రోకెన్ అన్న మాట కనిపిస్తే తీపి దాదాపు లేనట్టే. కారానికి కావలసింది మొదటిది. ఆల్కహాలు తక్కువ కాబట్టి మంట ఎగదోయదు, తీపి మంటను తగ్గిస్తుంది, రీస్లింగ్‌కు సహజమైన పులుపు ఆ తీపి వెగటు పుట్టకుండా చూస్తుంది. తీపి వైన్ తాగేవాళ్లకు రుచి తెలియదని విందుల్లో ఎవరైనా పెదవి విరిస్తే విననట్టు ఊరుకోండి. రీస్లింగ్ దొరకకపోతే ఫ్రాన్స్‌లోని వూవ్రేలో షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసే, కాస్త తీపి ఉండే డెమీ సెక్ రకమూ బాగుంటుంది. ఇంత తతంగం ఎందుకు, చల్లటి బీరు చాలదా అంటారా? చాలుతుంది. కానీ మీరు అడిగింది వైన్ గురించి.

ఆసియా వంటలు అనగానే చాలామంది గెవుర్ట్స్‌ట్రామినర్ అనే వైట్ వైన్ పేరు చెబుతారు. లిచీ పండు వాసన గుప్పుమంటుంది, నిజమే. కాని దానిలో పులుపు తక్కువ, ఆల్కహాలు తరచుగా 13.5 దాటుతుంది. అల్లం, చక్రపువ్వు వేసి కారం తగ్గించి వండినప్పుడు సరే, మిరప దండిగా పడితే నేను దాని జోలికి పోను.

కారం లేకుండా సోయా సాస్ ముందుండే వంటలది మరో లెక్క. అందులోని ఉమామి, అంటే పుట్టగొడుగుల్లోనూ మాంసం రసంలోనూ ఉండే కమ్మటి రుచి, వైన్‌లోని చేదును, వగరును పైకి తెస్తుంది. రెడ్ తాగాలనే ఉంటే వగరు తక్కువగా ఉండే గమే ద్రాక్షతో చేసిన బోజొలే, లేదా తేలికపాటి పినో న్వార్ తీసుకోండి. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. పుట్టగొడుగులు వేసిన నూడుల్స్‌కు ఇవి ముచ్చటగా కుదురుతాయి. చేపలకు మాత్రం వైటే మేలు. రెడ్ వైన్‌తో చేప తింటే నీచువాసన ఎందుకు మిగులుతుందో జపాన్ పరిశోధకులు 2009లో ప్రచురించారు. కారణం వైన్‌లోని ఇనుము.

నిమ్మరసం, చేపల సాస్ కలిపే వియత్నాం సలాడ్లకు పులుపున్న వైట్ వైన్ సొవిన్యాన్ బ్లాంక్ చాలు. వంటకంటే వైన్‌లో పులుపు తక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. తెరియాకీలాంటి తియ్యటి సాస్‌తో తీపి లేని వైన్ తాగితే పుల్లగా తోస్తుంది, కాబట్టి అక్కడ కూడా తీపి ఉన్న రీస్లింగే.

స్ప్రింగ్ రోల్స్, టెంపురా లాంటి వేపుళ్లకు నురగ వైన్ వంటిది మరొకటి లేదు. దాని బుడగలు, పులుపు నూనె జిడ్డును కడిగేస్తాయి. ఇటలీ నురగ వైన్ ప్రోసెకో కొనేటప్పుడు మాత్రం ఒక తిరకాసు ఉంది. సీసా మీద ఎక్స్‌ట్రా డ్రై అని ఉంటే అసలు తీపి లేనిదనుకుంటాం. నిజానికి బ్రూట్ అని రాసి ఉన్న రకంలో లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటే, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17 గ్రాముల దాకా ఉంటుంది. ఉత్త వేపుడుకు బ్రూట్, పక్కన తియ్యటి మిరప సాస్ ఉంటే ఎక్స్‌ట్రా డ్రై.

శాకాహారులు ఒకటి గమనించాలి. వైన్‌ను తేటపరచడానికి కొందరు చేప తిత్తి నుంచి తీసిన పదార్థం, జెలటిన్, గుడ్డు తెల్లసొన, పాలలోని కేసిన్ వాడతారు. చేప తిత్తి, జెలటిన్ వాడిన సంగతి సీసా మీద కనిపించకపోవచ్చు. పట్టింపు ఉన్నవాళ్లు వీగన్ గుర్తు ఉన్నవే తీసుకోవడం మంచిది.

కార్కు బదులు మరమూత ఉన్నది చవకబారు సరుకని భ్రమపడకండి. ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీ ఉత్పత్తిదారులు కొందరు 2000లో తమ మేలైన రీస్లింగ్‌కే ఆ మూతలు వేశారు. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 మిల్లీలీటర్ల చొప్పున అయిదు గ్లాసులు వస్తాయి. ఇద్దరున్న ఇంట్లో పని రోజున అది పూర్తికాదు, పూర్తికానక్కర్లేదు కూడా. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే, రెడ్ అయినా వైట్ అయినా మూడు రోజులు నిక్షేపంగా ఉంటుంది. నురగ వైన్‌కు మాత్రం దానికంటూ దొరికే బిగింపు మూత కొనుక్కోండి. సీసా మూతిలో చెంచా వేలాడదీస్తే బుడగలు పోవని ఎవరైనా చెబుతారు. పోతాయి.