బోర్డు మీద పేర్లు రాసే మానిటర్

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా అమ్మాయి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి. ఈ ఏడు టీచరు దాన్ని క్లాసు మానిటర్‌ను చేశారు. విద్యార్థి సంసద్‌కు (బడిలో పిల్లలు ఎన్నుకునే సంఘానికి) కూడా నిలబడతానంటోంది. కొందరు పిల్లలు ‘తెలెంగా’ (తెలుగుది) అని వెక్కిరిస్తున్నారని మొన్న ఏడ్చింది. వచ్చే ఏడు మెట్రిక్. ఈ లీడరు పనులు ముందు ముందు ఎందుకైనా పనికొస్తాయా? చదువు పాడవుతుంది, మాన్పించమని వాళ్ల నాన్న అంటున్నారు.
– ఒక తల్లి, గజపతి జిల్లా

అమ్మా, మీ వారి సందేహంతోనే మొదలుపెడతాను, దానికి జవాబు చిన్నది కాబట్టి. మార్కుల లెక్కలో చూస్తే లీడరు పనికి దక్కేది చాలా తక్కువ. జేఈఈ, నీట్ ర్యాంకుల్లో మానిటర్ పనికి అర మార్కు కూడా కలవదు. మెట్రిక్ మార్కుల పట్టీలో దాని ఊసే ఉండదు. ఒడిశాలో ప్లస్ టూ ప్రవేశాలప్పుడు ఎన్‌సీసీ, స్కౌట్స్ సర్టిఫికెట్లకు కొంత వెయిటేజీ ఇస్తారు. అది ఎంతో ఏ ఏటికా ఏడు ప్రాస్పెక్టస్‌లో చూసుకోవాలి. మీ బడిలో ఎన్‌సీసీ ఉంటే మాత్రం ఇప్పుడే చేర్పించండి. ఎన్‌సీసీలో బడి పిల్లలకిచ్చే ‘ఏ’ సర్టిఫికెట్‌కు రెండేళ్ల శిక్షణ కావాలి. పదో తరగతిలో మేలుకుంటే ఆ రెండేళ్లు నిండవు. బడిలో ఎన్‌సీసీ లేకపోతే బెంగ పెట్టుకోకండి. సర్టిఫికెట్ కోసం బడి మార్చిన వాళ్లను చూశాను, వాళ్లు బావుకున్నదేమీ లేదు.

కాగితాన్ని పక్కన పెట్టి మనిషిని చూసే చోట్లు వేరే ఉన్నాయి. సైనికాధికారులను తయారుచేసే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) సంగతి చూడండి. 2021 నుంచి అమ్మాయిలు కూడా ఆ పరీక్ష రాస్తున్నారు. రాతపరీక్ష నెగ్గినవారిని సైన్యం ఎంపిక బోర్డు ఎస్‌ఎస్‌బీ ఐదు రోజుల పాటు పరీక్షిస్తుంది. అందులో ఒక రోజు అభ్యర్థులను జట్లుగా చేసి, కొన్ని చెక్క పలకలు, ఒక తాడు, ఒక దుంగ ఇచ్చి, నేల తాకకుండా ఈ గీత నుంచి ఆ గీతకు సామానుతో సహా దాటమంటారు. జట్టుకు నాయకుడంటూ ఎవరినీ పెట్టరు. గొంతు చించుకునేవాళ్లు, పలక లాక్కుని తామే ముందు దూకేవాళ్లు అక్కడే బయటపడిపోతారు. పక్కవాడి ఆలోచన తన ఆలోచన కంటే మెరుగైతే ఒప్పుకుని తాడు అందించేవాళ్లూ కనబడతారు. మూడు నెలల కోచింగ్‌తో అది రాదు. తొమ్మిదో తరగతిలో, పది మంది మధ్య, చిన్న చిన్న పనుల్లో అలవడుతుంది. మీ అమ్మాయి సైన్యంలోకి వెళ్లాలని నేననడం లేదు. ఆసుపత్రిలో నర్సు అయినా, పంచాయతీ ఆఫీసులో గుమస్తా అయినా ఆ అలవాటుతో పని పడుతుంది.

ఇప్పుడు మానిటర్ పని దగ్గరికి వద్దాం. నన్నడిగితే మీ అమ్మాయి కన్నీళ్లకు మూలం అక్కడే ఉండొచ్చు.

మన బళ్లలో మానిటర్ చేతికి మొదట ఇచ్చేది సుద్దముక్క. టీచరు బయటికి వెళ్తూ ‘మాట్లాడినవాళ్ల పేర్లు రాసి ఉంచు’ అంటారు. పిల్ల బోర్డుకు ఓ మూల గీత గీసి, దాని కింద ఒక్కో పేరే రాస్తుంది. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ గుర్తు. మూడు ఇంటూలు పడ్డవాడు టీచరు రాగానే నిలబడతాడు, సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర నిలబడి మానిటర్ కోసం ఎదురుచూస్తాడు. దీన్ని నాయకత్వం అనడం నాకిష్టం లేదు. ఇది జీతం లేని కానిస్టేబుల్ ఉద్యోగం. ‘తెలెంగా’ అన్న పిల్లల పేర్లు ఆ బోర్డు మీద ఎన్నిసార్లు ఎక్కాయో అమ్మాయిని మెల్లగా అడగండి. కోపం సుద్దముక్క మీద ఉంటే, నోటికి దొరికింది భాష అయి ఉండొచ్చు. అలా కాకుండా మానిటర్ కాకముందు నుంచీ ఆ మాట వింటోందంటే అది వేరే సంగతి. అప్పుడు మీరే వెళ్లి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాలి.

పేర్ల సంగతి మాత్రం మీరు వెళ్లి చెప్పకండి, అమ్మాయే చెప్పాలి. ‘మేడం, పేర్లు రాయను. మీరు వచ్చేలోగా ఈ నాలుగు లెక్కలు అందరి చేతా చేయించి ఉంచుతాను’ అని ఒక్క మాట. ఒడియాలో చెప్పాలి కాబట్టి ఇంట్లో రెండు మూడు సార్లు పలికించండి. టీచరుకు కావలసింది గది గోల లేకుండా ఉండటం. అది ఏ దారిన వచ్చినా చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, పేర్లు రాసే పని వారానికొకరి వంతు పెట్టమని అడగవచ్చు. ఎక్కువ అల్లరి చేసేవాడికే మొదటి వంతు ఇస్తే ఇంకా మంచిది.

ఆ నాలుగు లెక్కలు చేయించేటప్పుడు తను ఎక్కడ నిలబడుతుందో కూడా చూసుకోమనండి. మీ జిల్లా బళ్లలో వెనక బెంచీల్లో సవర తెగ గిరిజన పిల్లలు కూర్చుంటారు. ప్రశ్న అడిగితే తల దించుకుంటారు. చాలాసార్లు జవాబు తెలియక కాదు, ఒడియాలో చెప్పే ధైర్యం చాలక. ఒక భాషలో తట్టినదాన్ని ఇంకో భాషలో చెప్పడం ఎంత కష్టమో ఆ తరగతిలో ముందు వరసవాళ్ల కంటే మీ అమ్మాయికే బాగా తెలుసు. వెళ్లి వాళ్ల పక్కన కూర్చోవాలి. ఎక్కడ ఆగిపోయారో కనుక్కోవాలి. మేడం వచ్చాక లేచి ‘వాళ్లకు అర్థం కాలేదు’ అనకుండా ‘మాకు ఈ మెట్టు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అనాలి. వెనక బెంచీ ఆ ‘మాకు’ అన్న మాటను పట్టుకుంటుంది.

మీ ఊరికి ఇది కొత్తేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడి బడికి పంతులుగా వచ్చారు. సవరల భాష పట్టుబట్టి నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారు చేసి, సొంత ఖర్చుతో బళ్లు నడిపారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం ఆ తర్వాతిది. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే మనం సవర బళ్ల సంగతి ఎంతమందిమి తలుచుకుంటామో! అమ్మాయికి ఈ కథ చెప్పండి, తన ఊరిదే కదా.

ఒడియా ఉచ్చారణకు వైద్యం సులభం. తెలుగు నాలుక ‘అ’ అని పలికేచోట ఒడియా నోరు కాస్త గుండ్రమై ‘ఒ’కు దగ్గరగా పలుకుతుంది. రోజూ పది నిమిషాలు ఒడియా దినపత్రిక పైకి చదివితే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. దానికోసం ఇంట్లో తెలుగు మానేయకండి.

సంసద్‌కు నిలబడాలా వద్దా? ఒక్క ప్రశ్న అడగండి: గెలిస్తే ఏం చేస్తావు? ‘ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు, పెట్టించాలి’ లాంటి జవాబు వస్తే నిలబడనివ్వండి. ఓడినా ఆ గడియ కోసం అడగవచ్చు. జవాబు బ్యాడ్జీ చుట్టూ తిరిగితే ఇంకో ఏడాది ఆగమనండి.

పద్దుల సంగతి ఒకటి మిగిలింది. అది నేను దెబ్బ తిని నేర్చుకున్నది, కాస్త వివరంగా చెప్తాను. నేను బరంపురంలో తొమ్మిది చదివేటప్పుడు బడి వినాయక పూజకు చందాల బాధ్యత నాది. తలకు రెండు రూపాయలు. వచ్చిన డబ్బు వచ్చినట్టు జామెట్రీ పెట్టెలో వేసుకుని, మహారాజులా తిరిగాను. రంగు కాగితాలు, అరటిపళ్లు, ఖిచిడీకి బియ్యం, పప్పు, అన్నీ ఆ పెట్టెలోంచే. పూజ అయ్యాక మాస్టారు లెక్క అడిగితే ముప్పై ఆరు రూపాయలు తక్కువ! నేను తినలేదు, కాని తినలేదని చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. నెల రోజుల పాటు క్లాసులో నా పేరు ‘ముప్పై ఆరు’. మా నాన్న ఆ డబ్బు కట్టి, ఒక్క మాట అనకుండా పొడుగాటి ఖాతా పుస్తకం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

మీ అమ్మాయి చేతికి చందా డబ్బు వస్తే, ఎడమ పేజీలో ఇచ్చినవారి పేరు, మొత్తం, తేదీ. కుడి పేజీలో ఖర్చు, పక్కనే రసీదు గుచ్చాలి. రసీదు ఇవ్వని పూలవాడి దగ్గర కొంటే, వెంట వెళ్లిన ఇంకొకరు సంతకం పెట్టాలి. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం మరొకరి దగ్గర ఉండాలి. పూజ మర్నాడే ఆ లెక్క నోటీసు బోర్డుకు ఎక్కాలి, మిగులు మూడు రూపాయలైనా సరే.

మీ వారి భయం పూర్తిగా తీసేయదగ్గది కాదు. ఏడాదికి ఒక్క బాధ్యతే, మానిటర్ లేదా సంసద్, రెండూ వద్దు. నెలలో రెండుసార్లు ట్యూషన్ తప్పిందంటే ఏదో ఒకటి తగ్గించుకోవాలి. రిహార్సళ్లు, పూజ పనులు ఉన్న రోజుల్లో చీకటి పడకముందే బయల్దేరాలి, ఎవరితో కలిసి వస్తుందో ముందే చెప్పాలి. పదో తరగతికి వచ్చాక సరస్వతీ పూజ పెత్తనం తొమ్మిదో తరగతి వాళ్లకు అప్పగించేయమనండి. మాఘ పంచమి వెనకే మెట్రిక్ పరీక్షలు తరుముకొస్తాయి. అప్పగించడం తేలిక కాదు, మండపానికి కాగితాలు వంకరగా అంటిస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఆ వయసులో నరకం. ఆ పూటకు ఇంట్లో కూర్చుని బీజగణితం చేసుకోమనండి.

వినాయక చవితిలోపు ఖాతా పుస్తకం ఒకటి కావాలి. దాన్ని వాళ్ల నాన్నగారి చేతే కొనిపించండి.