కమాన్లు కొనే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి పెందుర్తికి రోజూ చేపల డబ్బాలు మోస్తున్న నీ పాత పికప్ వెనక భాగం కుంగిపోయిందనీ, గుంతలో పడినప్పుడల్లా అడుగున సుత్తితో కొట్టినట్టు శబ్దం వస్తోందనీ, మెకానిక్కు నాలుగు షాకబ్జర్లూ రెండు వెనక కమాను కట్టలూ (బరువు మోసే, వంపు తిరిగిన ఉక్కు పట్టీల స్ప్రింగులు) కొత్తవి వేయించమన్నాడనీ రాశావు. అంత డబ్బు చేతిలో లేదు కనుక పాత కట్టలకే చెరొక పట్టీ అదనంగా వేయిస్తే సరిపోతుందా అని అడిగావు. గాజువాక ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు ఇదే పని చేసినవాణ్ని కాబట్టి సూటిగా చెబుతున్నాను. అదనపు పట్టీ వేయించవద్దు, కొత్త కట్టలు కూడా ఇప్పుడే కొనవద్దు. నీ డబ్బు ముందుగా కమాను కొసల్లోని రబ్బరు బుష్‌లకూ, షాకిల్ పిన్నులకూ, కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులకూ పోవాలి.

కారణం చెబుతాను. బరువు పడినప్పుడు కమాను వంపు తగ్గి నిటారవుతుంది, నిటారయ్యేకొద్దీ దాని రెండు కొసల్లోని కళ్ల (పిన్ను దూరే రంధ్రాల) మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరిగిన పొడవుకు చోటివ్వడానికే కట్టకు ఒక కొసన ఊగే లింకు, అంటే షాకిల్, పెట్టారు. నీ బండిలో ఐసు కరిగిన ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి సరిగ్గా ఈ షాకిళ్ల మీదికే కారుతాయి. పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోతే షాకిల్ ఊగదు, కమాను సాగదు, గుంత దెబ్బ మొత్తం బండి చట్రానికే, అంటే ఛాసిస్‌కే, తగులుతుంది. పట్టీల మధ్యకు చేరిన నీరు తుప్పును పొరలు పొరలుగా ఉబ్బించి వాటిని ఒకదానిమీద ఒకటి జారనివ్వదు. బండి మొండిగా కొడుతోందని అందరూ షాకబ్జర్లను తిడతారు గానీ, సముద్రపు గాలి తగిలే మన ఊరి బండ్లలో నేను చూసినంతలో తప్పు ఎక్కువసార్లు ఈ వేలెడు పిన్నుదే.

కాబట్టి ముందు కొలతలు తీసుకో. బండిని ఖాళీ చేసి, టైర్లలో గాలి సమానంగా కొట్టించి, చదునైన నేల మీద నిలిపి, వెనక యాక్సిల్ పైభాగం నుంచి ఛాసిస్ అడుగు వరకు రెండు వైపులా టేపుతో కొలిచి కాగితం మీద రాసుకో. ఒక వైపు అర అంగుళానికి మించి తక్కువుంటే ఆ కట్టలో విరిగిన పట్టీ ఉందేమో వెతకాలి. విరుపు తరచుగా పట్టీలను నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే దాక్కుంటుంది, పైకి కనబడదు. రెండు వైపులా సమానంగా ఉండి, ఖాళీ బండిలోనే, యాక్సిల్ ఛాసిస్‌ను కొట్టకుండా ఆపే రబ్బరు స్టాపర్‌కూ యాక్సిల్‌కూ మధ్య రెండు వేళ్లు పట్టకపోతే మాత్రం కట్టల పని అయిపోయినట్టే. అప్పుడు నీ మెకానిక్కు మాట నిజమేనని ఒప్పుకుంటాను.

తర్వాత చిన్న గునపం తీసుకుని కమాను కంటికీ షాకిల్‌కూ మధ్య పెట్టి మెల్లగా ఎత్తి చూడు. రబ్బరు బుష్ కొద్దిగా నొక్కుకుని వెనక్కి రావాలి. అలా కాకుండా ఇనుము ఇనుముకు తగిలి టక్కుమంటే బుష్ పోయింది, నీకు వినబడే సుత్తి దెబ్బ కూడా బహుశా అదే. గ్రీజు నిపుల్ ఉన్న పిన్నయితే గన్నుతో గ్రీజు ఎక్కించి, అంచుల్లోంచి కొత్త గ్రీజు బయటికి వచ్చిందో లేదో చూడు. రాకపోతే నిపుల్ గానీ, పిన్ను లోపలి దారి గానీ మూసుకుపోయిందని అర్థం. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు కదలిక ఉంటే, పక్కవాణ్ని బ్రేకు నొక్కమని మళ్లీ ఊపు. కదలిక ఆగిపోతే అది బేరింగుది, ఆగకపోతే చక్రం మలుపు తిరిగే కీలుది, అంటే కింగ్ పిన్నుదో బాల్ జాయింటుదో. ఏ పని చేసినా జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు. స్టాండ్లు లేకపోతే పాత రైలు స్లీపరు ముక్కలు పెట్టు.

షాకబ్జర్ల సంగతి త్వరగా తేలిపోతుంది. ఒంటి మీద పల్చటి నూనె చెమట ఉంటే ఫరవాలేదు, నూనె ధారగా కారి దానికి దుమ్ము గట్టిగా అట్టకట్టి ఉంటే మార్చాలి. అనుమానంగా ఉంటే విప్పి నిలువుగా పట్టుకుని రాడ్డును లాగి నొక్కు. ఎక్కడా ఖాళీ తగలకుండా ఒకే బరువుతో కదిలితే మళ్లీ బిగించేసెయ్. మార్చవలసి వస్తే ఒక యాక్సిల్‌కు ఉన్న రెండూ కలిపి మార్చు, రెండో యాక్సిల్ వచ్చే సీజను దాకా ఆగగలదు. పాత సామాన్ల దుకాణంలో కమాను పట్టీ కొనవచ్చు గానీ షాకబ్జరు కొనకూడదు. పట్టీ కొనేటప్పుడు రంధ్రం చుట్టూ కిరోసిన్ పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రాసి కాసేపు ఉంచు. పగులు ఉంటే అందులో ఇంకిన కిరోసిన్ సుద్ద మీద సన్నటి తడి గీతలా పైకి తేలుతుంది. దుకాణదారు ముఖం చిట్లిస్తే చిట్లించనీ.

బిగింపు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొత్త సామాను పాడయ్యేది ఇక్కడే. కొత్త రబ్బరు బుష్ ఎక్కడం లేదని గ్రీజు గానీ ఇంజినాయిలు గానీ రాయవద్దు, నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బునీళ్లు చాలు. చక్రాలు గాలిలో వేలాడుతుండగా షాకిల్ నట్లను చేతి బిగువు వరకే తిప్పి, బండిని దించి, నాలుగు చక్రాల మీద నిలబెట్టి రెండుసార్లు ఊపిన తరువాత పూర్తిగా బిగించాలి. వేలాడుతున్నప్పుడే బిగిస్తే ఆ రబ్బరు రోజంతా మెలితిరిగి ఉండి కొన్ని నెలల్లోనే చిరిగిపోతుంది. యూ బోల్టులు ఒకసారి సాగినవి మళ్లీ వాడకూడదు. కొత్తవి వేసి, నాలుగు నట్లనూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ రా. 500 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచితో మళ్లీ చూడు. యూ బోల్టు వదులైతే సెంటర్ బోల్టు మీద భారం పడి అది తెగుతుంది, అది తెగితే యాక్సిల్ పక్కకు జరిగి బండి పీతలా నడుస్తుంది. కట్టను విప్పేటప్పుడు సెంటర్ బోల్టు తీసే ముందు పక్కన క్లాంపు బిగించడం మరువకు, పట్టీలు ఎగిరి దవడకు తగిలిన కుర్రాళ్లను చూశాను.

ఇక నీ అదనపు పట్టీ సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఊరంతా కూలిన చెట్లే. అప్పట్లో నా దగ్గరున్న పికప్‌కు చెరో పట్టీ అదనంగా వేయించి, తడి దుంగలు తొట్టి నిండా వేసి మోశాను. బండి కుంగలేదు కదా అని మురిసిపోయాను. తొమ్మిదో రోజున హనుమంతవాక దగ్గర మెయిన్ పట్టీ కంటి పక్కనే విరిగింది, ఛాసిస్‌కు షాకిల్ బ్రాకెట్టు అతుకు దగ్గర పగులు వచ్చింది. కట్ట గట్టిదైతే బరువు మాయం కాదు, తర్వాతి బలహీనమైన చోటికి పోతుంది. బ్రేకులకూ టైర్లకూ నువ్వు అదనపు పట్టీ వేయలేవు. పైగా మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తరువాత అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకూ మరో 2,000. వంపు పోయిన పట్టీలను సుత్తితో కొట్టించి మళ్లీ ఎత్తు తెప్పించడం చవకే గానీ, కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తగిన వేడిమీద ఉక్కు పదును (గట్టిదనం) సర్దని పని కొన్ని నెలలకే దిగిపోతుంది. అలా పదును పెట్టగలిగిన చేతులు దొరికితేనే చేయించు.

అన్నీ అయ్యాక వీల్ అలైన్‌మెంటు చేయించి, గోపాలపట్నం మీదుగా ఒకసారి ఖాళీగా, ఒకసారి సగం బరువుతో తిప్పి చూడు. చేపలు దించిన ప్రతిసారీ కట్టలూ షాకిళ్లూ తడిసేలా మంచినీళ్లు కొట్టు. డబ్బాల కింద పరదా వేసి, ఐసు నీటికి ఒక పైపు పెట్టి షాకిళ్లకు దూరంగా వదిలితే ఇంకా మేలు.

వచ్చే ఆదివారం తొట్టి కడిగించి తెల్లవారకముందే మా ఇంటికి తీసుకురా, ముందు కొలతలు తీద్దాం. టేపూ గునపమూ నా దగ్గరున్నాయి. గ్రీజు గన్ను మాత్రం నువ్వే తెచ్చుకో, నాది మీ పెద్ద మావయ్య పట్టుకెళ్లి రెండేళ్లయింది.

ఇట్లు,
మావయ్య