గ్లాండ్ దగ్గర చుక్క పడాలి, ధార కట్టకూడదు

ఫ్యాను (ప్రొపెల్లరు) షాఫ్టు పడవలోంచి నీళ్లలోకి వెళ్లేచోట ఉండే గ్లాండ్ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మేం అమెరికాలో, మేరీల్యాండ్‌లో ఉంటాం. చెసాపీక్ బేలో తిరగడానికి 30 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాం. డీజిల్ ఇంజను, షాఫ్టు అంగుళం మందం. పడవ కట్టేసి ఉన్నప్పుడు కూడా షాఫ్టు మీది కంచు నట్టు దగ్గర నీళ్లు కారుతున్నాయి. నట్టు బిగిస్తే చాలా? లోపలి ప్యాకింగ్ (నీరు రాకుండా షాఫ్టు చుట్టూ రింగులుగా దోపే తాడు) మార్చాలా? మార్చాలంటే ఎలా?

జవాబు: ముందు చుక్కలు లెక్కపెట్టండి. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సెకనుకు ఒక చుక్క చొప్పున పడితే రోజుకు నాలుగు లీటర్ల పైమాటే. పడవ అడుగున (బిల్జ్‌లో) చేరే నీటిని తోడే బిల్జ్ పంపు పనిచేసినన్నాళ్లూ ఆ సంగతి మీకు తెలియదు. మీరు ఊళ్లో లేనప్పుడు బ్యాటరీ దిగిపోతే పడవ కట్టిన చోటే మునుగుతుంది.

షాఫ్టు తిరుగుతున్నప్పుడు నిమిషానికి మూడు నాలుగు చుక్కలు పడాలి. ప్యాకింగ్‌ని తడిపేదీ, రాపిడికి పుట్టే వేడిని లాగేసేదీ ఆ నీరే. ఇంజను ఆపాక చుక్క ఆగిపోవాలి, లేదా ఎప్పుడో ఒకటి పడాలి. మీది ఆగడం లేదు కాబట్టి ముందు ఒకసారి బిగించి చూడండి. ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాకే షాఫ్టు దగ్గర చెయ్యి పెట్టాలి. అక్కడ రెండు నట్లు ఉంటాయి. పెద్దది ప్యాకింగ్ నట్టు, పలచనిది లాక్ నట్టు. రెండు పానాలు తీసుకుని ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని తిప్పండి. ఒక్క పానాతో బలం వేస్తే ఆ మెలి అంతా వెనక గ్లాండ్‌ను పడవకు కలిపే రబ్బరు హోసు మీద పడుతుంది. నట్లు పట్టేసి ఉంటే తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయండి. లాక్ నట్టు వదిలాక ప్యాకింగ్ నట్టును దాని ఆరు పలకల్లో ఒక పలకలో సగం మాత్రమే తిప్పి, ఇంజను గేరులో నడిపి చూడండి. రెండు మూడు సార్లు ఇలా బిగించినా చుక్క తగ్గకపోయినా, బిగించడానికి మర మిగలకపోయినా, తగ్గింది గానీ నట్టు కాలిపోతున్నా ప్యాకింగ్ అయిపోయినట్టే.

మార్చే పని పడవ ఒడ్డు మీద ఉన్నప్పుడు పెట్టుకోండి. సైజు తెలుసుకోవడానికి నట్టు లోపలి వ్యాసంలోంచి షాఫ్టు వ్యాసం తీసేసి సగం చేయండి. నట్టు లోపల ఒకటిన్నర అంగుళాలు, షాఫ్టు అంగుళం అయితే పావు అంగుళం ప్యాకింగ్ కావాలి. పాత ప్యాకింగ్ కొలిచి కొనకండి, అది నలిగి అణిగిపోయి ఉంటుంది. ఒక్కో రింగుకు నాలుగు అంగుళాలు పడుతుంది, మామూలుగా మూడు రింగులు. రెండడుగుల ముక్క కొంటే పాడైనవి పోగా సరిపోతుంది.

నట్టు పూర్తిగా విప్పి షాఫ్టు మీదుగా ఇంజను వైపు జరపండి. పాత రింగులు నట్టులోనే ఉంటాయి. కొసన మర ఉన్న కొక్కెం ఇందుకోసమే అమ్ముతారు. దాన్ని తాడులోకి తిప్పి గుచ్చి లాగాలి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే షాఫ్టు మీద గీత పడుతుంది, ఆ గీత కొత్త ప్యాకింగ్‌ని కోసేస్తుంది. ఎన్ని రింగులు వచ్చాయో లెక్కపెట్టుకోండి, కానీ ఆ లెక్కనే నమ్మకండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: రెండు తీసి, అడుగున గట్టిపడి గోడకు అంటుకున్న మూడోదాన్ని నట్టులో భాగమనుకుని వదిలేస్తారు. టార్చి వేసి, మెరిసే కంచు కనిపించేదాకా తవ్వండి.

షాఫ్టును గుడ్డతో తుడిచి గోరుతో గీకి చూడండి. గోరు పట్టేంత గాడి ఉంటే ఏ ప్యాకింగ్ వేసినా నిలవదు. చిన్న గరుకుంటే సన్నని ఎమెరీ కాగితం చాలు.

కొత్త తాడును షాఫ్టుకే చుట్టి, పదునైన బ్లేడుతో ఏటవాలుగా కోయండి. కొసలు రెండూ కలవాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు, మధ్య సందూ ఉండకూడదు. పొడుగు తాడును మెలికలుగా చుట్టి దోపితే నీరు ఆ మెలిక వెంటే దారి చేసుకుని వస్తుంది. ఒక్కో రింగూ విడిగా వేసి, అడుగంటా నొక్కి, తర్వాతి రింగు అతుకును ముందుదానికి మూడోవంతు చుట్టు పక్కకు తిప్పి పెట్టండి. నట్టును చేత్తో బిగించి అక్కడితో ఆగండి. అసలు సర్దుబాటు పడవ నీళ్లలో దిగాకే. దించగానే, లిఫ్టు పట్టీలు తియ్యకముందే, లోపలికి వెళ్లి గ్లాండ్ చూడండి.

నీళ్లలో గేరు వేసి అరగంట నడపండి. కొత్త ప్యాకింగ్ సర్దుకునే దాకా చుక్క కాస్త ఎక్కువే ఉండనివ్వండి. మొదటి కొన్ని గంటల్లో అరపలక చొప్పున తగ్గించుకుంటూ రండి. నట్టు వేడి సముద్రపు నీటి కంటే 15 డిగ్రీల సెల్సియస్‌కు మించి పెరగకుండా చూసుకోండి. దూరం నుంచి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే మంచిది. లేకపోతే ఇంజను ఆపి చెయ్యి ఆనించండి, గోరువెచ్చగా ఉండాలి. చివర్లో ప్యాకింగ్ నట్టును కదలకుండా పట్టుకుని లాక్ నట్టు బిగించడం మరవకండి. అది వదులైతే ప్యాకింగ్ నట్టు దానంతటదే తిరిగి ఊడొస్తుంది.

హోసు సంగతి కూడా చెప్పాలి. అతిగా బిగించిన ప్యాకింగ్ వేడెక్కి షాఫ్టును పట్టేస్తే, షాఫ్టుతోపాటు గ్లాండ్ మొత్తం తిరిగి హోసు మెలిపడి చిరుగుతుంది. అప్పుడు వచ్చేది చుక్కలు కాదు, ఏ బిల్జ్ పంపూ తోడలేనంత నీరు. గ్లాండ్ విప్పిన ప్రతిసారీ హోసును నొక్కి చూడండి. పగుళ్లున్నా, మెత్తబడినా, క్లిప్పుల దగ్గర ఉబ్బినా మార్చండి. పొరలు వేసిన మందపాటి షాఫ్టు హోసే వాడాలి. ఒక్కో కొసకు రెండేసి క్లిప్పులు, స్క్రూతో సహా 316 స్టెయిన్‌లెస్ స్టీలువి.

ప్రశ్న: షాపులో మూడు నాలుగు రకాల తాళ్లు చూపిస్తున్నారు. ఏది మంచిది?

జవాబు: మైనం, కొవ్వు పట్టించిన అవిసె నార తాడు చవక, నమ్మకమైనది. దానికి చుక్క తప్పనిసరి. టెఫ్లాన్ పట్టించినవి రాపిడిని, వేడిని తగ్గిస్తాయి, వాటితో చుక్క బాగా తగ్గించుకోవచ్చు. అలాగని ఎండగట్టి నడపకండి. ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్ షాఫ్టుకు అచ్చమైన గ్రాఫైట్ తాడు వద్దు. గ్రాఫైట్, లోహం, ఉప్పునీరు కలిస్తే బ్యాటరీ తయారై షాఫ్టు మీద గుంటలు పడతాయి. పంపుసెట్ల కోసం అమ్మే ఆస్బెస్టాస్ తాడు అసలు ముట్టుకోకండి. పాత పడవలోంచి అలాంటిది తియ్యాల్సి వస్తే తడిపి తియ్యండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

ప్రశ్న: విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మాకు చెక్క బోటు ఉంది. మా గ్లాండ్‌కు నట్టు కాదు, రెండు బోల్టులతో బిగించే మూత. వేట నిషేధంలో ప్యాకింగ్ మార్పించాం. నెల తిరక్కుండానే మళ్లీ ధార. సరంగు రోజూ బిగిస్తున్నాడు.

జవాబు: రోజూ బిగించడం ఆపించండి. ప్యాకింగ్ నెలలో పోయిందంటే తప్పు దాదాపు ఎప్పుడూ ప్యాకింగ్‌ది కాదు, షాఫ్టుది. గ్లాండ్ బేరింగు కాదు. షాఫ్టు బరువునూ ఊపునూ మొయ్యడం దాని పని కాదు. బయట ఫ్యాను వైపు షాఫ్టును మోసే బుష్ (బేరింగు) అరిగితే షాఫ్టు కొట్టుకుంటూ తాడును ఒక పక్కకు నలిపేస్తుంది. బోటు ఒడ్డున ఉన్నప్పుడు ఫ్యాను దగ్గర షాఫ్టును పైకీ కిందికీ ఊపండి. టకటకమని ఆడితే బుష్ మార్చాలి.

రెండోది ఇంజను, షాఫ్టు ఒకే వరసలో లేకపోవడం. గేరుబాక్సును షాఫ్టుకు కలిపే కప్లింగు బోల్టులు విప్పి, రెండు ముఖాల మధ్య నాలుగు చోట్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకులు) పెట్టండి. నాలుగు అంగుళాల కప్లింగుకు ఎక్కువ సందుకూ తక్కువ సందుకూ తేడా 0.1 మిల్లీమీటరు మించకూడదు. ఈ కొలత ఒడ్డు మీద తీస్తే పనికిరాదు. నీళ్లలో దిగాక పడవ ఒంపు మారుతుంది, చెక్క బోటు అయితే నానాక ఇంకా మారుతుంది. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. బోటును చివరి రోజున దించి మర్నాడే వేటకు పంపకుండా, కొన్ని రోజులు ముందే దించి నాననిచ్చి అప్పుడు కప్లింగు సరిచూడండి.

మూత బోల్టులు రెండూ సమానంగా, పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించాలి. ఒకటి ఎక్కువైతే మూత పక్కకు వాలి షాఫ్టును రాస్తుంది. మూతకూ షాఫ్టుకూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందో కళ్లతో చూడండి.

ఇవన్నీ సరిగా ఉన్నాయంటే షాఫ్టు మీద గాడి పడి ఉంటుంది. ఇసుక, బురద ఉన్న నీళ్లలో తిరిగే బోట్లలో ఆ ఇసుక ప్యాకింగ్‌లో ఇరుక్కుని షాఫ్టును అరగదీస్తుంది. వెల్డింగుతో నింపించి లేత్ మీద తిప్పించేటట్టయితే, తర్వాత డయల్ గేజ్ పెట్టి షాఫ్టు వంగలేదని చూసుకోకుండా తీసుకోకండి. వెల్డింగు వేడికి వంగిన షాఫ్టు మళ్లీ ఇదే తిప్పలు తెస్తుంది.

ప్రశ్న: పడవను ఆరు నెలలు కదిలించం. గ్లాండ్‌కు ఏమైనా అవుతుందా?

జవాబు: అవుతుంది. ప్యాకింగ్ కింద నిలిచిన నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది. ఆక్సిజన్ లేని చోట స్టెయిన్‌లెస్ స్టీలు తన రక్షణ పొరను నిలుపుకోలేదు, సన్నని గుంటలు పడతాయి. వారానికోసారి ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్టును చేత్తో కొన్ని చుట్లు తిప్పినా మేలే.

ప్రశ్న: చుక్కే పడని సీళ్లు వచ్చాయిగా, ఈ తాళ్ల గొడవ ఎందుకు?

జవాబు: మంచివే. కార్బన్ ముఖం, స్టీలు ముఖం ఒకదానికొకటి ఆనుకుని తిరిగే రకంలో బిల్జ్ పొడిగా ఉంటుంది, షాఫ్టు అరగదు. కానీ మార్చడానికి కప్లింగు ఊడదీయాలి. పాత పడవల్లో అదే పెద్ద పని. పడవను నీళ్లలో దించిన ప్రతిసారీ బెల్లోస్‌ను (ముఖాలను ఆనించి ఉంచే ముడతల రబ్బరు గొట్టాన్ని) చేత్తో వెనక్కి నొక్కి లోపలి గాలి వదలాలి, లేకపోతే ముఖాలు పొడిగా రాసుకుని కాలుతాయి. ప్యాకింగ్ పాడయ్యే ముందు నెలల తరబడి చుక్కలతో చెబుతుంది. రబ్బరు బెల్లోస్ అలా చెప్పదు, చిరిగితే ఒక్కసారే చిరుగుతుంది. ఈ సీళ్లలో పీఎస్‌ఎస్ అనే బ్రాండు రకానికి తయారీదారులు ఆరేళ్లకోసారి బెల్లోస్ మార్చమంటారు. అమర్చిన తేదీని దాని పక్కనే పెయింటుతో రాసి పెట్టుకోండి.