ఫారం 19 సంగతి ఇప్పుడే చూసుకో

గుంటూరు

అమ్మాయ్,

మొన్న ఫోన్లో "టీచర్ ఎమ్మెల్సీ ఎలక్షన్ 2027లో కదా మావయ్యా, అప్పుడు చూద్దాంలే" అన్నావు. అప్పుడు చూద్దామంటే కుదరదు. టీచర్ ఓటరుగా పేరు చేర్చుకోవడానికి ఇచ్చే దరఖాస్తే ఫారం 19, అది ముందే ఇవ్వాలి. మన కృష్ణా-గుంటూరు ఉపాధ్యాయ స్థానంలో 2021లో గెలిచిన కల్పలత గారి పదవీకాలం 2027 మార్చితో అయిపోతుంది. ఓటర్ల జాబితా పని అంతకుముందు అక్టోబరులోనే మొదలవుతుంది. నవంబరు 1 నాటికి నీ అర్హత ఏమిటో చూస్తారు. ఆ తర్వాత కూడా నామినేషన్ల దాకా పేరు చేర్చుకునే వీలుంటుంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఈ జాబితాను ప్రతిసారీ మొదటి నుంచి కొత్తగా తయారు చేస్తారు. అసెంబ్లీ ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన పేరు రాదు, పోయినసారి ఓటేసి ఉన్నా రాదు. పోలింగ్ రోజున స్టాఫ్‌రూములో ఎవరో ఒకరు "నా పేరేమైంది" అని గొడవపడటం మాకు మామూలే. వాళ్ళు ఫారమే ఇచ్చి ఉండరు.

అర్హత లెక్క సరిగ్గా వేసుకో. నవంబరు 1కి ముందు ఆరేళ్ళలో, మొత్తం కలిపి మూడేళ్ళైనా హైస్కూలు స్థాయికి తగ్గని చోట పాఠాలు చెప్పి ఉండాలి. నువ్వు ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) ప్రైమరీలో పనిచేసిన కాలం ఇందులోకి రాదు. ఒకటో తరగతికి అక్షరాలు నేర్పేవాళ్ళకు టీచర్ ఓటు లేకపోవడం ఏం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు, సరే, చట్టం అలా ఉంది. నువ్వు ప్రమోషన్ మీద హైస్కూలుకు వచ్చి మూడేళ్ళు దాటింది కాబట్టి ఇబ్బంది లేదు. రెండు స్కూళ్ళు మారావు గనుక ఇద్దరు హెడ్‌మాస్టర్ల దగ్గరా సర్టిఫికెట్ తీసుకో. జూనియర్ కాలేజీలో చెబుతున్నారు కాబట్టి అల్లుడు గారు కూడా సర్వీసు లెక్క చూసుకోవాలి. ఇంట్లో ఒకరు ఇద్దరి ఫారాలూ ఇవ్వవచ్చు. హెడ్‌మాస్టరైతే స్టాఫ్ అందరివీ కలిపి పంపవచ్చు. సంఘం వాళ్ళు వచ్చి "మాకివ్వండి మేడం, మేం కట్టగా ఇచ్చేస్తాం" అంటే మాత్రం ఇవ్వకు. అలా తెచ్చిన కట్టలు తీసుకోరు.

ఓటు నివాసం ఉన్న చోటే, స్కూలు ఉన్న చోట కాదు. పైగా ఈ నియోజకవర్గానికి పాత జిల్లాల హద్దులే లెక్క. చీరాలలో కాపురముండి బాపట్లలో పనిచేసే మీ స్నేహితురాలికి చెప్పు, చీరాల పాత ప్రకాశం జిల్లా కదా, ఆవిడ ఓటు ఇటు రాదు. నీకు డిగ్రీ ఉంది కాబట్టి పట్టభద్రుల ఓటు కూడా వేరేగా ఉంటుంది. దానికి ఫారం 18. ఆ ఎన్నిక 2025లో అయిపోయింది, ఇప్పట్లో రాదు.

ఇక ఓటు వేయడం. ఈవీఎం ఉండదు, కాగితమే. దాని మీద పార్టీ గుర్తులు కూడా ఉండవు. పేరు, ఫొటో చూసి వేయాలి. వాళ్ళిచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే, పేరుకు ఎదురుగా గడిలో 1 అంకె వేయాలి. అంకెలే, "ఒకటి" అని అక్షరాల్లో కాదు. మన తెలుగు అంకెలు వేసినా చెల్లుతుంది గానీ, ఆ సరదా వద్దు. పేపర్లు దిద్దీ దిద్దీ మన చేయి తనంతట తనే టిక్కు కొట్టేస్తుంది. టిక్కు కొడితే ఓటు మురిగిపోతుంది. సంతకం చేసినా అంతే, 1 ఇద్దరికి వేసినా అంతే. పిల్లలకు ఏడాదంతా "ప్రశ్న సరిగ్గా చదవండి" అని చెప్పేవాళ్ళ ఓట్లే ఎన్నో ఇలా చెల్లకుండా పోతాయి.

మిగిలినవాళ్ళకు నీ ఇష్టం వరుసలో 2, 3 అని వేయవచ్చు, తప్పనిసరి కాదు. కానీ వెయ్యి. "రెండో ఓటు వేస్తే మన మొదటి మనిషికి దెబ్బ" అని నీకు చెప్పేవాళ్ళుంటారు. లెక్కల టీచరువి, నువ్వే ఆలోచించు. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ వస్తే గెలుపు. ఎవరికీ రాకపోతే అందరికన్నా తక్కువ వచ్చినవాణ్ణి తీసేసి, అతని కాగితాల్లో 2 ఎవరికుందో వాళ్ళకు కలుపుతారు. అంటే నీ మొదటి మనిషి పోటీలో ఉన్నంతసేపు నీ 2 వైపు ఎవరూ చూడరు. అతను పోయాకే దానికి పని. అప్పుడు 2 లేకపోతే నీ కాగితం పక్కన పడేస్తారు, మిగిలినవాళ్ళలో ఎవరు కావాలో చెప్పే అవకాశం పోతుంది. 2023లో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానంలో మొదటి ప్రాధాన్య ఓట్లలో వెన్నపూస రవీంద్రారెడ్డి ముందున్నారు. చివరికి గెలిచింది భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి. రెండో నంబర్లే తిప్పేశాయి.

"శాసనమండలితో ఏమవుతుంది మావయ్యా, వాళ్ళ చేతుల్లో ఏముంది" అని కూడా అన్నావు. పూర్తిగా కాదనను. 58 మందిలో టీచర్ల తరఫున ఐదుగురే, ద్రవ్య బిల్లయితే 14 రోజులకు మించి ఆపలేరు. అయినా 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులు మండలి దగ్గర ఆగిపోతే, ఆ కోపంతో అసెంబ్లీ మండలినే రద్దు చేయమని తీర్మానం చేసింది. మరుసటి ఏడాది అదే అసెంబ్లీ దాన్ని వెనక్కి తీసుకుంది. బిల్లులకు జూలైలో గవర్నర్ ఆమోదం వచ్చేసిందనుకో, అది వేరే విషయం. ఆ ఆర్నెల్లు విజయవాడలో, ఇక్కడ జనం ఎలా గడిపారో నువ్వూ చూశావు. ఏమీ చేతకాని సభ మీద ఎవరికీ అంత కోపం రాదు.

అభ్యర్థులు విందులకు పిలుస్తారు, ఇంటికి కవర్లు పంపుతారు. వెళ్ళకు, తీసుకోకు. సీపీఎస్ (మన జీతంలోంచి కోత పడే పెన్షన్ పథకం) గురించి, బదిలీల గురించి సభలో ఎవరు లేచి అడుగుతారో చూసి నంబర్లు వెయ్యి.

ఒక సంగతి మరిచాను. 2025 పట్టభద్రుల పోలింగ్ సాయంత్రం నాలుగింటికే ముగిసింది. అసెంబ్లీ ఎన్నికల్లాగా ఆరు దాకా ఉంటుందనుకుని స్కూలు అయ్యాక వెళ్ళొద్దు. ఫారం ఇచ్చేటప్పుడు రసీదు అడిగి తీసుకో, ముసాయిదా జాబితా రాగానే పేరు, ఇంటి నంబరు చూసుకో. తప్పుంటే నాకు ఫోన్ చెయ్యి, అభ్యంతరం ఎలా రాయాలో చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య