ఫ్యాంటసీ లీగులో మొదటి పిక్ వచ్చింది: ఉంచుకోవాలా, మార్చుకోవాలా?

మీరు అడిగినది నాకు అర్థమైనంత వరకు ఇది: ఆఫీసులో పన్నెండు మంది కలిసి నడిపే అమెరికన్ ఫుట్‌బాల్ ఫ్యాంటసీ లీగులో (అసలు ఆటగాళ్లను వంతులవారీగా పంచుకుని, మైదానంలో వారు ఆడినదాన్నిబట్టి పాయింట్లు లెక్కవేసుకునే పోటీ) కొత్తగా చేరారు, చీటీలు తీస్తే మొదటి పిక్, అంటే అందరికంటే ముందు ఆటగాణ్ని ఎంచుకునే వంతు, మీకు వచ్చింది, దానితో బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ను తీసుకోవాలో, విసిరిన బంతిని అందుకునే వైడ్ రిసీవర్‌ను తీసుకోవాలో తేలడం లేదు, ఈలోగా ఐదో స్థానంలో ఉన్న సహోద్యోగి స్థానాలు మార్చుకుందామని అడుగుతున్నాడు. నేను డాలస్ శివారులోని ఫ్రిస్కోలో ఉంటాను. పదకొండేళ్లుగా ఇలాంటి లీగులోనే ఆడుతున్నాను. 2024లో మొదటి పిక్ నాకే వచ్చింది, ఆ సీజన్‌ను పన్నెండో స్థానంలో ముగించాను. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకంటే అర్హుడు దొరకడని నా నమ్మకం.

2024 ఆగస్టులో మొదటి పిక్ ఎవరన్నదానిపై చర్చే ఉండేది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ అంతకుముందు ఏడాది 1,459 యార్డులు పరుగెత్తి అసలు లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు, 21 టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటివారి గీత దాటించడం) చేశాడు, ఆఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం అందుకున్నాడు. చేతికందే జామకాయను కోసినంత సులువుగా అతని పేరు నొక్కి, మిగిలిన పదకొండు మంది ముఖాలు చూస్తూ కూర్చున్నాను. ప్రతి రౌండ్‌కూ వరుస తిరగబడుతుంది కనుక, మళ్లీ నా వంతు వచ్చేసరికి 24, 25 పిక్‌లు వచ్చాయి. ఆ మధ్యలో ఇరవై రెండు మంది మంచి ఆటగాళ్లు నా కళ్ల ముందే వెళ్లిపోయారు. ఈ లెక్కను మీరు ముందుగా గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మా లీగులో విజయవాడ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ఇప్పుడు మా ఆఫీసులోనే చేరిన ఒక కుర్రవాడున్నాడు. పదిహేను రౌండ్ల డ్రాఫ్ట్‌లో పద్నాలుగో రౌండ్‌కు అందరూ పిజ్జా డబ్బాలు మూసేసి, ఎవరో ఒకరి పేరు నొక్కేసి ఇంటికి పోదామని చూస్తున్న వేళ, అతడు తీరిగ్గా జోర్డన్ మేసన్ పేరు చదివాడు. మేసన్ అంటే మెక్‌కాఫ్రీకి వెనుక నిలబడే మనిషి. అసలు జట్లు కొత్త ఆటగాళ్లను తీసుకునే 2022 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో 262 మందిని ఎంచుకున్నప్పుడు అతని పేరు ఏ జట్టూ పిలవలేదు. నేను నవ్వాను. ఆ కుర్రవాడు నొచ్చుకోలేదు. "మీ ఆయనకు ఏమైనా అయితే బంతి ఎవరి చేతికిస్తారన్నా?" అని మాత్రం అడిగాడు. అది ఆటపట్టించడానికి అన్న మాట అనుకున్నాను. ఆ ఏడాది నేను విన్న ఒకే ఒక్క తెలివైన మాట అదేనని తర్వాత తెలిసింది.

మొదటి వారం నాకూ ఆ కుర్రవాడికీ పోటీ పడింది. ఫార్టీనైనర్స్ ఆట సోమవారం రాత్రి, సెప్టెంబరు 9న, న్యూయార్క్ జెట్స్‌తో. మెక్‌కాఫ్రీ కాలి నొప్పితో ఆగస్టంతా సరిగా సాధన చేయలేదని తెలుసు, అతడు ఆడేది అనుమానమని చెప్పే చిన్న ఎర్ర అక్షరం యాప్‌లో అతని పేరు పక్కన కనబడుతూనే ఉంది. అయినా యాప్ అతనికి ఇరవై దాటిన అంచనా పాయింట్లు చూపిస్తోంది. ఈ అంచనాల గురించి ఒక్క మాట చెప్పక తప్పదు: సంఖ్య పక్కన చుక్క, చుక్క పక్కన ఇంకో అంకె ఉంటే చాలు, లెక్కల మాస్టారు స్వయంగా వేసినట్లు నమ్మేస్తాం. వాన వస్తుందో రాదో చెప్పలేని మనుషులం, ఒక మనిషి మోకాలు సోమవారం సాయంత్రం ఎలా ఉంటుందో దశాంశ స్థానం వరకు నమ్మి కూర్చుంటాం.

ఆదివారం ఆటలు ముగిసేసరికి నేను 11 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాను. నాకు మెక్‌కాఫ్రీ మిగిలాడు, కుర్రవాడికి మేసన్ మిగిలాడు. గెలిచేశాననుకుని వాట్సాప్ గ్రూపులో ఒక ఏనుగు బొమ్మ కూడా పెట్టాను. సోమవారం ఆట మా సమయం ప్రకారం రాత్రి ఏడు దాటాక మొదలు. ఆట మొదలవడానికి 90 నిమిషాల ముందు ప్రతి జట్టూ ఆ రోజు ఆడని వారి జాబితా ఇవ్వాలి. ఆ జాబితా వచ్చే వేళకు నేను మా అమ్మాయిని ఈత క్లాసు నుంచి తీసుకురావడానికి టోల్‌వే మీద ఉన్నాను, ఫోను సంచిలో ఉంది. పార్కింగులో కారు ఆపి చూసుకుంటే ఆ కుర్రవాడి సందేశం: "అన్నా, మెక్‌కాఫ్రీ దిగడం లేదట, చూశారా?"

ఇంకా గంటకు పైగా సమయం ఉంది. ఆ గంటలో నేను చేయగలిగింది ఏమీ లేదు, అదే ఈ కథలో అసలు బాధ. బెంచి మీద ఉన్న వారందరూ ఆదివారమే ఆడేశారు, వారి పేర్ల పక్కన తాళం గుర్తు పడింది. ఆడేసిన వారిని మంగళవారం దాకా వదులుకోవడానికి కూడా మా యాప్ ఒప్పుకోదు కనుక, వేరొకరిని తెచ్చుకోవడానికి ఖాళీ లేదు. ఈత కొలను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తడి తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, తాళం పడిన పేర్ల మీద ఒక్కొక్కటిగా వేలితో నొక్కుతూనే ఉన్నాను. ఆ రాత్రి ఫార్టీనైనర్స్‌లో బంతిని పంచే క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ, 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరి, అంటే 262వ పిక్. అతడు ఆ డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని మేసన్ చేతికి 28 సార్లు బంతినిచ్చాడు. మేసన్ 147 యార్డులు పరుగెత్తి ఒక టచ్‌డౌన్ చేశాడు. పది యార్డులకు ఒక పాయింటు, టచ్‌డౌన్‌కు ఆరు, పరుగుల మీదే 20.7. నా మొదటి పిక్ పేరు ముందు సున్నా. "ఆయనెవరో ఆడకపోతే మీకెందుకండీ జ్వరం?" అంది మా ఆవిడ.

మెక్‌కాఫ్రీ ఆ ఏడాది మొత్తం నాలుగు ఆటలే ఆడాడు. నవంబరులో తిరిగి వచ్చాడు, డిసెంబరు మొదటి రోజున బఫెలోలో మోకాలికి దెబ్బ తగిలి మళ్లీ వెళ్లిపోయాడు. నేను అతన్ని నిందించడం లేదు. నేను తీసుకున్నది ఒక పేరును. ఆ కుర్రవాడు తీసుకున్నది ఒక పనిని. ఆ జట్టు ఆటకు పాతిక సార్లు బంతిని రన్నింగ్ బ్యాక్ చేతిలో పెడుతుంది, ఆ చేయి ఎవరిదైనా పాయింట్లు వస్తాయి. మీ మొదటి సందేహానికి నా జవాబు ఇంతే: రన్నింగ్ బ్యాకా, రిసీవరా అని అడగవద్దు, ఎవరి వైపు బంతి ఎక్కువ సార్లు వెళుతుందో చూడండి, రన్నింగ్ బ్యాక్‌నే తీసుకుంటే, అతని వెనుక ఉన్నవాడిని చివరి రౌండ్లలో మరెవరికీ వదలవద్దు. సోమవారం ఆడే అనుమానపు ఆటగాడు మీ దగ్గర ఉంటే, అదే ఆటలో ఆడే మరొకరిని బెంచి మీద ఉంచుకోకుండా ఆదివారం నిద్ర లేవవద్దు.

ఇక ట్రేడ్, అంటే మార్పిడి, సంగతి. డ్రాఫ్ట్ అయిన రెండో రోజే మా లీగును నడిపే కమిషనర్, పుట్టి పెరిగింది టెక్సాస్‌లోనే, నా దగ్గరికి వచ్చి మెక్‌కాఫ్రీని ఇస్తే సేక్వాన్ బార్క్‌లీని, ఇంకొక రిసీవర్‌ను ఇస్తానన్నాడు. రన్నింగ్ బ్యాక్ బార్క్‌లీ ఆ ఏడాది మార్చిలోనే న్యూయార్క్ జెయింట్స్‌ను వదిలి ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో చేరాడు. నేను చెప్పిన కారణాలు రెండు. ఒకటి, 2020లో బార్క్‌లీ మోకాలి లిగమెంటు తెగింది, ఇలాంటివారిని నమ్మలేం. అతనికంటే మెక్‌కాఫ్రీ వయసులో పెద్దవాడన్నది అప్పుడు నాకు తట్టలేదు. రెండు, డాలస్ కౌబాయ్స్ అభిమానిని, నా జట్టులో ఈగల్స్ ఆటగాడు ఉండడమా! మొదటిది అజ్ఞానం, రెండోది అంతకంటే తక్కువ స్థాయి వ్యవహారం. ఆ సీజన్‌లో బార్క్‌లీ 2,005 యార్డులు పరుగెత్తాడు, ఈగల్స్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీని 40-22తో ఓడించింది, మా కమిషనర్ మా లీగు గెలిచాడు.

నవంబరులో నేను మరొక ట్రేడ్ కుదుర్చుకున్నాను, ఒక రిసీవర్‌ను ఇచ్చి ఇద్దరు మామూలు రన్నింగ్ బ్యాక్‌లను తెచ్చుకోవడం. ఇద్దరికీ ఇష్టమైన ఆ ఒప్పందాన్ని లీగు సభ్యులు ఓటేసి కొట్టేశారు. కారణం న్యాయం కాదు, ఎదుటివాడు బలపడతాడన్న భయం. ఈ ఓటు పద్ధతి మీ లీగులో ఉంటే మొదటి రోజే తీసివేయించండి. మన వాళ్లలో కొందరు డ్రీమ్11 అలవాటుతో వచ్చి, ఒక్కో మ్యాచ్‌కు ఒక్కో జట్టు కట్టవచ్చన్నట్లు, అందరి దగ్గరా ఒకే ఆటగాడు ఉండవచ్చన్నట్లు ఆలోచిస్తారు. ఇక్కడ ఒక ఆటగాడు సీజన్ మొత్తం ఒక్కరి దగ్గరే ఉంటాడు, అందుకే ట్రేడ్ ఈ ఆటకు ఊపిరి. అసలు ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనే ఒక జట్టు తెలివితక్కువ ట్రేడ్ చేస్తుంటే మిగిలిన జట్లు ఓటేసి ఆపవు. అలా ఆపగలిగి ఉంటే, 1989 అక్టోబరులో కౌబాయ్స్ తమ ఏకైక తార, రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్‌ను మినెసోటా వైకింగ్స్‌కు ఇవ్వడాన్ని అందరూ ఆపేసి ఉండేవారు. ఆ ఏడాది కౌబాయ్స్ 16 ఆటలలో ఒక్కటే గెలిచింది.

మా ఊళ్లో ఏ ట్రేడ్ చర్చ మొదలైనా ఐదు నిమిషాల్లో వాకర్ దగ్గరికి చేరుతుంది, తప్పదు. కోచ్ జిమ్మీ జాన్సన్‌కు వైకింగ్స్ పంపిన ఐదుగురు ఆటగాళ్ల మీద పెద్దగా ఆశ లేదు, వారితో ముడిపడి ఉన్న డ్రాఫ్ట్ పిక్‌ల మీదే కన్ను. మొదటి రౌండ్ పిక్‌లే మూడు వచ్చాయి. 1990లో వైకింగ్స్ నుంచి వచ్చిన 21వ పిక్‌ను, దానికి తోడు మూడో రౌండ్ పిక్‌ను పిట్స్‌బర్గ్‌కు ఇచ్చి 17వ స్థానానికి వెళ్లి ఎమిట్ స్మిత్‌ను తెచ్చుకున్నారు. వాకర్ వదిలి వెళ్లిన పనిని స్మిత్ అందుకుని, కెరీర్‌లో 18,355 యార్డులు పరుగెత్తాడు, ఆ రికార్డు నేటికీ అతనిదే. కౌబాయ్స్ ఆ తర్వాత మూడు సూపర్ బౌల్‌లు గెలిచింది. వైకింగ్స్ పేరును కొన్నది, కౌబాయ్స్ పనిని నిలబెట్టుకుంది. 1999లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ కూడా రిక్కీ విలియమ్స్ ఒక్కడి కోసం ఆ ఏడాది తన దగ్గరున్న పిక్‌లన్నీ, మరుసటి ఏడాది పిక్‌లలో రెండింటినీ ధారపోసింది. జీతం తీసుకుని ఈ పని చేసేవారే ఇలా ఉంటే, పిజ్జా తింటూ చేసే నా సంగతి ఎంత.

అలాంటి చరిత్ర ఉన్న ఊరు కదా, 2025 ఆగస్టు 28, గురువారం, కౌబాయ్స్ డిఫెన్స్ తార మైకా పార్సన్స్‌ను గ్రీన్‌బే ప్యాకర్స్‌కు ఇచ్చేశారన్న వార్త వచ్చేసరికి మా గ్రూపులో పొద్దుపోయేదాకా నిద్ర లేదు. బదులుగా రెండు మొదటి రౌండ్ పిక్‌లు, కెన్నీ క్లార్క్ అనే ఆటగాడు వచ్చారు. సగం మంది ఇది రెండో వాకర్ ట్రేడ్ అంటున్నారు. నేను ఒప్పుకోను: వాకర్ స్థానంలో నిలబడడానికి మరొకరు దొరికారు, నాలుగు సీజన్‌లలోనూ పన్నెండుకు తగ్గకుండా శాక్‌లు (ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేసినవాడికి బదులు ఎవరు నిలబడతారో ఆ పిక్‌ల మీద రాసి లేదు. డిఫెన్స్ ఆటగాళ్లకు మా లీగులో విడిగా పాయింట్లే లేవు, పార్సన్స్ పోయినందుకు ఎవరి లైనపూ మారదు. అయినా అందరికంటే ఎక్కువ బాధపడింది మేమే.

మీ సహోద్యోగి ప్రతిపాదన దగ్గరికి వస్తే, ఒప్పుకోండి. మీ 1, 24, 25 స్థానంలో 5, 20, 29 వస్తాయి. ఒకటో పిక్‌కూ ఐదో పిక్‌కూ మధ్య తేడా ఉందని అందరూ అనుకుంటారు, ఆగస్టులో ఉంటుంది కూడా, అక్టోబరుకు ఉండదు. 24కు బదులు 20 రావడం మాత్రం నిజమైన లాభం. పైగా మొదటి పిక్ ఇస్తున్నందుకు చివరి రౌండ్లలో మరొక పిక్ అడగండి, ఇస్తాడు, మొదటి పిక్ మోజు అలాంటిది. ఆ అదనపు పిక్‌తో ఎవరిని తీసుకోవాలో పైన చెప్పాను.

మా లీగులో ఆఖరున నిలిచినవాడికి ఒక శిక్ష ఉంటుంది: కొత్త సీజన్ మొదటి ఆటకు గెలిచినవాడు చెప్పిన చొక్కా వేసుకుని అందరితో కూర్చుని చూడాలి. మా కమిషనర్ జనవరిలోనే 26వ నంబరు బార్క్‌లీ చొక్కా కొని నా బల్ల మీద పెట్టాడు. మే నెలలో ఎన్‌ఎఫ్‌ఎల్ షెడ్యూలు వచ్చింది. సీజన్ మొదటి ఆట 2025 సెప్టెంబరు 4, గురువారం, ఫిలడెల్ఫియాలో, ఈగల్స్‌కూ కౌబాయ్స్‌కూ. చూసింది మా ఇంట్లోనే, పదకొండు మందీ కౌబాయ్స్ నీలం చొక్కాలతో వచ్చారు, ఆకుపచ్చది నేను ముందే ఇస్త్రీ చేయించాను.