పైలట్ ఎవరి మాట వినాలి?

ప్రశ్న: రెండు విమానాలు ఢీకొనబోతున్నప్పుడు నేల మీది నుంచి దారి చూపే కంట్రోలర్ కిందికి దిగమని, విమానంలోని యంత్రం పైకి లేవమని చెబితే పైలట్ దేనిని పాటించాలి? అప్పుడు కంట్రోలర్ ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: యంత్రం మాటే పాటించాలి. విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే ఆ యంత్రం పేరు టీక్యాస్; తప్పించుకోవడానికి అదిచ్చే ఆదేశం ‘ఆర్ఏ’. ‘టీక్యాస్ ఆర్ఏ’ అని పైలట్ రేడియోలో చెప్పగానే కంట్రోలర్ ‘రోజర్’ (విన్నాను) అని ఊరుకోవాలి. పైలట్ నుంచి ‘క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్’ (ముప్పు తప్పింది) అన్న మాట వినబడేదాకా ఆ విమానం దారి మార్చే ఆదేశమేదీ ఇవ్వకూడదని అంతర్జాతీయ నిబంధన. ప్రమాదం ముంచుకొస్తుంటే నోరు మెదపవద్దనడం వింతగానే తోస్తుంది. అయితే రెండు విమానాల్లోని టీక్యాస్ పరికరాలు పరస్పరం సంకేతాలు పంపుకొని ఒకదానిని పైకి, రెండోదానిని కిందికి మళ్లిస్తాయి. నడుమ మూడో గొంతు వినబడితే ఆ పొందిక చెడిపోతుంది.

2002 జూలై 1 రాత్రి జర్మనీలోని యూబర్‌లింగెన్ దగ్గర జరిగింది అదే. ఆ గగనతలాన్ని జ్యూరిక్ నుంచి చూస్తున్న కంట్రోలర్ ఒక్కడే రెండు తెరల ముందు పనిచేస్తున్నాడు. మరమ్మతుల వల్ల ఫోన్లు పలకడం లేదు. 36,000 అడుగుల ఎత్తున ఎదురుపడబోతున్న రెండు విమానాలను ఆలస్యంగా గమనించి, ఢీకొనడానికి 43 సెకన్ల ముందు రష్యన్ ప్రయాణికుల విమానం టుపొలెవ్‌ను దిగమన్నాడు. ఏడు సెకన్లకు దాని టీక్యాస్ పైకి లేవమంది. పైలట్లు కంట్రోలర్‌నే నమ్మారు. టీక్యాస్ చెప్పినట్టే రెండోదైన సరకుల బోయింగ్ కూడా దిగుతోంది. పైగా ఆ బోయింగ్ గడియారం లెక్కన పది గంటల దిక్కున, అంటే ఎడమవైపు ఉంటే, కంట్రోలర్ రెండు గంటల దిక్కున ఉందని చెప్పడంతో టుపొలెవ్ పైలట్లు కుడివైపు వెతికారు. మొత్తం 71 మంది మరణించారు. ఆ కంట్రోలర్ ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. రాత్రివేళ ఒక్కరితోనే నెట్టుకొచ్చే అలవాటు అతను పనిచేసే సంస్థలో అప్పటికే ఉంది.

కాబట్టి కంట్రోలర్ చేయగలిగిందంతా టీక్యాస్ ఆదేశానికి ముందే. సాధారణంగా ఎత్తులో 1,000 అడుగులు, లేదా పక్కకు 5 నాటికల్ మైళ్ల (సుమారు 9 కిలోమీటర్ల) ఎడం తగ్గబోతోందని తెలిసిన క్షణమే, ‘ఇమ్మీడియట్లీ’ (వెంటనే) అన్న మాట చేర్చి, ఏ దిశకు తిరగాలో, ఎదుటి విమానం ఎటు ఉందో చెప్పాలి. ఎత్తు మార్చమనడం కన్నా పక్కకు తిప్పడమే మేలు. టీక్యాస్ పైకీ కిందికీ తప్ప పక్కకు మళ్లించదు గనుక రెండు ఆదేశాలకూ పొంతన కుదరకపోయే ముప్పు తక్కువ.

మన దేశంలో 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ వద్ద రెండు విమానాలు ఢీకొని 349 మంది మరణించిన ప్రమాదం తర్వాతే టీక్యాస్ తప్పనిసరి అయింది.

టీక్యాస్ ఆదేశం నడుస్తున్నంతసేపూ ఆ విమానాన్ని ఇతర విమానాలకు ఎడంగా ఉంచే బాధ్యత కంట్రోలర్‌కు ఉండదు. పైలట్ మళ్లీ పాత ఎత్తుకు వచ్చానని చెప్పి, కంట్రోలర్ దానిని అంగీకరించాక ఆ బాధ్యత తిరిగి ఆయనదవుతుంది.