వేయిస్తంభాల నడుమ పరిగెత్తే పిల్ల కోసం

బిడ్డా సింధూ,

నువ్వు ఉద్యోగం చేసుకుంటూనే రాత్రిళ్లు కూర్చుని గేమ్ తయారు చేస్తున్నావని, అందులో ఒక పిల్ల వేయిస్తంభాల గుడిలో పరిగెడుతుందని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. హన్మకొండలో పెరిగిన పిల్ల మన గుడినే ఆటలోకి తెస్తోందంటే ఎంత సంబరపడ్డానో. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు లైటింగ్ పెట్టి బతికినవాణ్ని కదా.

అక్షరాలు పెద్దగా పెట్టు, ఆడేవాళ్లు ఇంకా పెంచుకునేలా ఉంచు. శత్రువును ఎరుపుతో, దోస్తును ఆకుపచ్చతో మాత్రమే చూపించకు. ఆ రెండూ ఒకేలా కనిపించేవాళ్లు, ముఖ్యంగా మగపిల్లలు ఉంటారు. పక్కన ఒక గుర్తు కూడా వెయ్యి.

కెమెరా ఊగడం అవసరం లేదనుకునేవాళ్లు దాన్ని ఆపేసుకునే వీలుండాలి. మేడారం బస్సులో నీకు వాంతులయ్యేవి, గుర్తుందా? నిమ్మకాయ వాసన చూపించి, ముందు సీట్లో నా ఒళ్లో కూర్చోబెట్టుకుని దూరంగా రోడ్డు చూడమనేవాణ్ని. బస్సులో ఒళ్లు కదులుతున్నామంటుంది, కన్ను కదలడం లేదంటుంది. ఆటలో అది తిరగబడి, కన్ను కదులుతున్నామంటుంది, ఒళ్లు కదలడం లేదంటుంది. ఆ తగవుతోనే కడుపులో తిప్పుతుంది. తెర మధ్యలో కదలని చిన్న చుక్క ఒకటి పెడితే చాలామందికి హాయిగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ బాపుకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1996 వినాయక చవితి. మన వాడకట్టు మండపానికి కొత్తగా స్ట్రోబ్ లైట్ తెచ్చాను. వెనక నాబ్ తిప్పితే మిణుకుల వేగం పెరుగుతుంది. పిల్లలు ‘ఇంకా, ఇంకా’ అని అరుస్తుంటే తిప్పుతూ పోయాను. బాగా కనిపించాలని మిగతా లైట్లన్నీ ఆర్పించాను. లైటుకు ఎదురుగా ఎగురుతున్న పదకొండేళ్ల పిల్లగాడు చేతులు బిగుసుకుని కింద పడ్డాడు. అందరూ డాన్సే అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. నోట్లో నురగ చూసి వాళ్లమ్మ కేక పెట్టేదాకా నాబ్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఎవరో చేతిలో తాళాలగుత్తి పెట్టారు, ఇంకెవరో నోట్లో చెంచా దూర్చబోయారు. నోట్లో ఏదీ పెట్టకూడదనీ, పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ మాలో ఎవరికీ తెలియదు.

దవాఖానలో డాక్టరు ‘పడేముందు ఏం చూస్తున్నాడు?’ అని అడిగాడు. నాకు అనుమానం వచ్చింది, కానీ నోరు విప్పలేదు. వాళ్లమ్మ గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తూ తిరిగింది. ఏడాదిపైన చూస్తూ ఊరుకున్నాను.

1997 డిసెంబరులో పేపర్లో చదివాను. జపాన్‌లో ఒక కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు పన్నెండుసార్లు మారుతూ మెరిస్తే, ఆ సాయంత్రం ఆరు వందల మందికి పైగా పిల్లలను ఆస్పత్రులకు తీసుకెళ్లారట. ఆ పేపరు పట్టుకుని వాళ్లింటికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆ తల్లి తిట్టలేదు. చాలాసేపు పేపరు వంకే చూసి, ‘ముందే చెప్పొద్దా అన్నా’ అంది. అంతే. తిట్టినా బాగుండేది.

అందుకే సింధూ, సెకనుకు మూడు మిణుకులకు మించొద్దు. తెరంతా మెరిసే ముదురు ఎరుపు అసలే వద్దు. మూర్ఛ ఉన్నవాళ్లలో వెలుగుకు పడిపోయేవాళ్లు కొద్దిమందే, వాళ్లలో పిల్లలు, పడుచువాళ్లే ఎక్కువ. మొదటిసారి పడేదాకా చాలామందికి తమకు ఆ సంగతి ఉందనే తెలియదు. నీ ఆట ఆడేది ఆ వయసు వాళ్లే.

బాంబులు, మెరుపులు నువ్వే చూసుకుంటావు. నా భయం స్తంభాల గురించి. నీ పిల్ల పరిగెడుతుంటే పక్క నుంచి ఎండ పడుతుంది. స్తంభం అడ్డొస్తే చీకటి, దాటితే వెలుగు. సెకనుకు ఆరు స్తంభాలు దాటిందంటే అదే నా స్ట్రోబ్ లైట్. చెట్ల నడుమ బండి మీద పోతుంటే ఎండ కొట్టినట్టే. స్తంభాల నీడను పూర్తిగా నల్లగా పెట్టకు, ఎండ తీవ్రత తగ్గించు, సూర్యుణ్ని ఆ పిల్ల వీపు వెనక్కి తిప్పు. నేల మీద జంపఖానా చారలు కూడా వద్దు. నలుపు తెలుపు చారలు తెరంతా పరుచుకుని కదిలితే అదీ ప్రమాదమే. ‘మెరుపులు తగ్గించు’ అనే మీట ఆట మొదలుకాకముందే కనిపించాలి, సెట్టింగుల అడుగున కాదు.

ఆ పిల్లగాడికి ఇప్పుడు నలభై ఏళ్లు, మందులతో బాగున్నాడు. బరాత్‌లో లైట్లు మొదలైతే ఒక కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకుంటాడు. రెండు కళ్లూ మూసుకుంటే సరిపోదు, వెలుగు రెప్పల్లోంచి కూడా దూరుతుంది.

నువ్వు కూడా చీకటి గదిలో పని చేయకు, లైటు వేసుకో. రెప్పలు కొట్టడం మరిచిపోతున్నావేమో చూసుకో. దసరాకు వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తీసుకురా. నువ్వు ఆడుతుంటే నేను గడియారం పట్టుకుని స్తంభాలు లెక్కపెడతాను.

నీ పెద్దబాపు